సముద్రం దాటి వచ్చిన కోడలు నీలోఫర్

పోయిన సంక్రాంతికి జువ్వలదిన్నె వెళ్ళినప్పుడు మా పిన్ని నన్ను ఒక మాట అడిగింది. ఆవిడ కొడుకు జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడి అమ్మాయినే చేసుకుంటానంటున్నాడు. ఒకటి రెండేళ్ళలో ఇద్దరూ ఇటే వచ్చేసి చెన్నైలో కాపురం పెడతారట.

ఆ పిల్ల చేపల పులుసు తింటుందా, చీర కట్టుకుంటుందా, అత్తా అని పిలుస్తుందా లాంటి ప్రశ్నలన్నీ పిన్ని ఎప్పుడో దాటేసింది. రేవులో బోట్లు ఒడ్డుకు చేరే వేళకి అరుగు మీద కూర్చుని, గొంతు తగ్గించి ఆవిడ అడిగింది వేరే సంగతి. మావాడితో బాగున్నన్నాళ్ళూ సరేమా, రేపు ఇద్దరికీ పొసగకపోతే ఆ పిల్ల ఈ దేశంలో ఏ కాయితం పట్టుకుని ఉంటుంది, ఎవరి మనిషినని చెప్పుకుంటుంది అని.

కోడలు ఇంకా గడప తొక్కకముందే కోడలి తరఫున ఆలోచించే అత్తగార్లు ఎంతమంది ఉంటారు చెప్పండి! వీసా సంగతులు నాకు తెలిసినంత వరకు చెప్పాను. కానీ ఆ మాట వినగానే ముందుగా నా మనసులో మెదిలింది వీసా కాదు, నీలోఫర్.

నీలోఫర్ ఆస్పత్రి పేరు వినని తెలుగు తల్లి అరుదు. హైదరాబాదులో లక్డీకాపూల్ దాటి రెడ్‌హిల్స్‌లో ఉన్న ఆ పిల్లల ఆస్పత్రికి పసిబిడ్డను ఒడిలో పెట్టుకుని ఎన్ని జిల్లాల నుంచి వస్తారో! ఆ ఆస్పత్రి వాకిట్లో ఆటో దిగే తల్లుల్లో చాలామందికి ఆ పేరు ఒక అమ్మాయిదని తెలియదు. ఆమె దేశం కాని దేశం నుంచి పదహారేళ్ళయినా నిండకుండా మన హైదరాబాదుకు కోడలుగా వచ్చిందనీ, ఇరవై ఏళ్ళ తరువాత ఆ కోడలిరికం పోగొట్టుకుందనీ అసలే తెలియదు.

ఏ దేశమూ లేని పిల్ల

నీలోఫర్ 1916 జనవరి 4న ఇస్తాంబుల్‌లో పుట్టింది. అమ్మ అదీలే సుల్తాన్ ఒట్టోమన్ రాజవంశపు ఆడపడుచు. అంటే టర్కీ సుల్తాన్ అయిదవ మురాద్‌కు నీలోఫర్ మునిమనుమరాలు. తండ్రి ఆమె పసితనంలోనే పోయాడు.

ఆ పేరు సంగతి కూడా చెప్పుకోవాలి. పారసీ భాషలో నీలోఫర్ అంటే కలువ. మన సంస్కృతంలోని నీలోత్పలమే పారసీకంలోకి వెళ్ళి అలా మారిందని భాషాశాస్త్రవేత్తలు చెబుతారు. ఇక్కడి నుంచి వెళ్ళిన పేరు మళ్ళీ ఇక్కడికే కోడలై వచ్చిందన్నమాట.

మొదటి ప్రపంచ యుద్ధంలో టర్కీ ఓడిపోయింది. 1922లో సుల్తానుల పాలన రద్దయింది. 1924 మార్చి 3న ఖలీఫా పదవిని కూడా రద్దు చేసి, రాజవంశం వాళ్ళంతా దేశం విడిచిపోవాలని కొత్త ప్రభుత్వం చట్టం చేసింది. మొగవాళ్ళనీ ఆడవాళ్ళనీ పిల్లలనీ ఎవరినీ మినహాయించలేదు. పౌరసత్వం తీసేశారు. చేతికిచ్చిన పాస్‌పోర్టులు వెళ్ళిపోవటానికే తప్ప తిరిగి రావటానికి పనికొచ్చేవి కావు.

అప్పటికి నీలోఫర్‌కు ఎనిమిదేళ్ళు. మన ఇళ్ళల్లో ఆ వయసు పిల్లలు మూడో తరగతి పుస్తకాలు సర్దుకుంటుంటారు. ఆమె మాత్రం తల్లి చెయ్యి పట్టుకుని ఫ్రాన్సుకు చేరింది. దక్షిణాన మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న నీస్ పట్టణంలో వాళ్ళు తలదాచుకున్నారు. చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్, ఆయన కూతురు దుర్రుషెహ్వార్ కూడా అక్కడే ఉండేవాళ్ళు. పేరుకు రాచకుటుంబం. నిలవటానికి మాత్రం తమదని చెప్పుకునే దేశం లేదు. రాజ్యం పోతే నగలు అమ్ముకుని బతకొచ్చు. పౌరసత్వం పోతే రైలెక్కాలన్నా ఎవరో ఒకరి అనుమతి కావాలి.

కాగితం మీద కూడా జరిగిన పెళ్ళి

అప్పట్లో హైదరాబాదును ఏలుతున్నది ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరున్నవాడు. దేశం పోగొట్టుకున్న ఖలీఫాకు నెలనెలా భరణం పంపుతుండేవాడు కూడా. ఖిలాఫత్ ఉద్యమ నాయకుడు షౌకత్ అలీ మధ్యవర్తిత్వం నడిపాడు. నిజాం పెద్దకొడుకు ఆజం జాకు ఖలీఫా కూతురు దుర్రుషెహ్వార్‌నూ, రెండో కొడుకు మొఅజ్జం జాకు నీలోఫర్‌నూ నిశ్చయించారు.

మెహర్ దగ్గర బేరాలు గట్టిగానే సాగాయని అప్పటి కథలు చెబుతాయి. రాజులైనా మామూలు ఇళ్ళలాగే మాట్లాడుకున్నారన్నమాట! తేడా ఏమిటంటే, మనలో కట్నం కోసం మగపెళ్ళివాళ్ళు పట్టుబడతారు. అక్కడ మాత్రం పెళ్ళికొడుకు వైపు నుంచి పెళ్ళికూతురికి రావలసిన సొమ్ము గురించి మాటలు జరిగాయి.

1931 నవంబరు 12న నీస్‌లో రెండు పెళ్ళిళ్ళూ ఒకేరోజు అయ్యాయి. దుర్రుషెహ్వార్‌కు 17 ఏళ్ళు. నీలోఫర్‌కు 16 కూడా నిండలేదు. పెళ్ళికొడుకు మొఅజ్జం జాకు 23. ఇవాళ్టి మన చట్టం ప్రకారం ఆ ఇద్దరు అమ్మాయిలకీ పెళ్ళి చెయ్యటానికే వీల్లేదు.

ఆరోజు జరిగిన మరో పని మాత్రం చాలామంది గమనించరు. మతాచారం ప్రకారం నిఖా అయిపోయాక కొత్త దంపతులు నీస్‌లోని బ్రిటిష్ కాన్సులేట్‌కు వెళ్ళారు. అక్కడ పెళ్ళిని నమోదు చేయించుకున్నారు. విడాకులైనా, భర్త పోయినా భార్యకు ఎంత సొమ్ము ముట్టాలో రాసుకున్న ఒప్పందాలకు కూడా అక్కడే అధికార ముద్ర పడింది.

హైదరాబాదు సంస్థానం బ్రిటిష్ వారి ఛత్రం కింద ఉండేది కాబట్టి ఆ కాన్సులేట్. ఆ రోజుల్లో చాలా దేశాల్లో ఆడదానికి సొంత దేశమంటూ విడిగా ఉండేది కాదు. మొగుడిది ఏ దేశమో పెళ్ళాందీ అదే. ఏ దేశమూ లేని నీలోఫర్‌కు ఆ మూడు ముళ్ళతో, అదే, ఆ మూడు సంతకాలతో అనుకోండి, ఒక చోటు దొరికింది. కానీ అది ఆమెకు సొంతంగా ఇచ్చిన చోటు కాదు, భర్త కొంగుకు ముడివేసి ఇచ్చింది. ఆ ముడి ఊడితే ఏమవుతుందన్న ఆలోచన పదిహేనేళ్ళ పిల్లకు ఎక్కడి నుంచి వస్తుంది?

ఓడలో చీరకట్టు పాఠం

డిసెంబరులో వెనిస్ నుంచి పిల్స్‌నా అనే ఓడలో బయలుదేరారు. లండన్‌లో రౌండ్ టేబుల్ సమావేశం ముగించుకుని వస్తున్న గాంధీజీ ఇటలీలోనే బ్రిండిసి రేవులో అదే ఓడ ఎక్కారు. కొత్త పెళ్ళికూతుళ్ళు ఆయనను కలుసుకున్నారని చెబుతారు. ఒకే ఓడలో ఒకవైపు ప్రపంచంలోకెల్లా ధనికుడి కోడళ్ళు, ఇంకోవైపు కొల్లాయి గుడ్డ కట్టిన మహాత్ముడు! డిసెంబరు 28న ఓడ బొంబాయి చేరింది.

ఆ ప్రయాణంలోనే అమ్మాయిలిద్దరికీ చీర కట్టుకోవటం, మామగారి ఎదుట ఎలా మసలుకోవాలో నేర్పారు. అత్తవారింటి మర్యాదలు నేర్చుకోవటానికి మనకి పుట్టింట్లో ఇరవై ఏళ్ళ సమయం ఉంటుంది. ఆ పిల్లకు దొరికింది రెండు వారాల సముద్ర ప్రయాణం.

హైదరాబాదు చేరాక చౌమహల్లా ప్యాలెస్‌లో 1932 జనవరి 4న విందు జరిగింది. సరిగ్గా ఆ రోజే నీలోఫర్‌కు పదహారేళ్ళు నిండాయి.

నౌబత్ పహాడ్ దగ్గర హిల్‌ఫోర్ట్ ప్యాలెస్‌లో కొత్త కాపురం పెట్టారు. తరువాతి కాలంలో రిట్జ్ హోటల్‌గా పాతతరం వాళ్ళకు గుర్తున్న భవనం అదే. మొఅజ్జం జా నగరాభివృద్ధి మండలి అధ్యక్షుడిగా ఉండేవాడు, ఉర్దూలో కవిత్వం రాసేవాడు. ఇప్పుడు పళ్ళకీ ఐస్‌క్రీముకీ పేరుపడ్డ మొజంజాహీ మార్కెట్ ఆయన పేరు మీద కట్టిందే.

నిజాం తన కోడళ్ళకు పరదా పెట్టలేదు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. జనానాలో తెర చాటున జీవితాలు గడిచే కోటలో ఈ ఇద్దరు అమ్మాయిలూ సభలకు వచ్చారు, మహిళా క్లబ్బుల్లో తిరిగారు, నలుగురితో మాట్లాడారు. వాళ్ళను చూసి తెర పక్కకు తప్పించిన ఇళ్ళు హైదరాబాదులో చాలానే ఉన్నాయి.

నీలోఫర్ అందగత్తె అన్న పేరు దేశాలు దాటింది. ఆమె చీరలు బొంబాయిలో ప్రత్యేకంగా ఎంబ్రాయిడరీ చేయించినవి. వాటిలో కొన్ని తరువాత న్యూయార్క్‌లోని ఫ్యాషన్ విద్యాసంస్థకు చేరి ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. ఓడలో తడబడుతూ కుచ్చిళ్ళు పోసుకోవటం నేర్చుకున్న పిల్ల, చీర ఎలా కట్టాలో ప్రపంచానికి చూపించే స్థితికి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు నర్సు శిక్షణ తీసుకుని సహాయ కార్యక్రమాల్లోనూ పనిచేసింది. ఆమె ఫొటోలు దాచుకున్నవాళ్ళు గుర్తుపెట్టుకోని సంగతి ఇది.

ఒడి నిండని కోడలు

పెళ్ళయిన రెండో సంవత్సరంలోనే, 1933లో, తోడికోడలు దుర్రుషెహ్వార్‌కు కొడుకు పుట్టాడు. అతనే ముకర్రం జా. కన్నకొడుకులను కాదని ఆ మనుమడినే నిజాం చివరకు తన వారసుడిని చేశాడు. 1939లో ఆమెకు రెండో కొడుకు కూడా పుట్టాడు. ఒకేరోజు పెళ్ళయి, ఒకే ఓడలో వచ్చిన ఇద్దరిలో ఒకరి ఒడి నిండింది. రెండో ఒడి ఖాళీగా ఉండిపోయింది.

తరువాతి కథ ఏ ఊరి ఆడవాళ్ళయినా ఊహించగలరు. డాక్టర్లూ మందులూ యూరప్ వైద్యులూ అందరూ అయ్యారు. ఏళ్ళు గడిచినా ఫలితం లేదు. రాజమహలైనా పూరిగుడిసె అయినా ఈ విషయంలో జనం నోళ్ళు ఒకటే. ఇంకా విశేషం లేదా అన్న ప్రశ్న ఎన్ని పేరంటాల్లో ఎంతమందిని చీకటి గదిలోకి తరిమిందో మనకి తెలియనిదా? పరాయి దేశం నుంచి వచ్చిన కోడలికి అది మరీ బరువు. పుట్టింటికి వెళ్ళి నాలుగు రోజులు ఏడ్చి వద్దామంటే పుట్టిన దేశం గుమ్మం మూసేసి ఉంది.

1948లో మొఅజ్జం జా మరో పెళ్ళి చేసుకున్నాడు.

ఆ ఏడాదే సెప్టెంబరులో పోలీసు చర్యతో హైదరాబాదు సంస్థానం భారత ప్రభుత్వం అధీనంలోకి వచ్చింది. ఆమె పుట్టిన సామ్రాజ్యం ఆమె చిన్నతనంలోనే చరిత్రలో కలిసిపోయింది. మెట్టిన రాజ్యం ఆమె ముప్పై రెండో ఏట ముగిసిపోయింది. రెండు దేశాలు కాళ్ళ కింద నుంచి జారిపోయిన ఆడమనిషి ఆమె. అదే ఏడు ఇంట్లో స్థానమూ జారిపోయింది.

రఫతున్నీసా కోసం

ఇక్కడితో కథ అయిపోతే నీలోఫర్ గురించి ఈ పేజీలో రాయటానికి ఏమీ ఉండేది కాదు. అందమైన బేగం ఒకామె ఉండేదట, పాపం పిల్లలు లేరట అని ఎవరో అనుకుని ఊరుకునేవాళ్ళు.

1949లో ఆమె దగ్గర పనిచేసే రఫతున్నీసా బేగం పురుడు పోసుకుంటూ కన్నుమూసింది. సరైన వైద్యం అందక పోయిన ప్రాణం అది. ఆ రోజుల్లో ఇలాంటి చావులు ఎవరినీ ఆశ్చర్యపరిచేవి కావు. పురుడంటే ఆడదానికి పునర్జన్మ అనే మాట మనలో ఊరికే పుట్టలేదు. మంత్రసాని చేతిలో ఉన్నదే వైద్యం. ఆ చెయ్యి దాటితే దేవుడే దిక్కు.

నీలోఫర్ మాత్రం ఊరుకోలేకపోయింది. ఇంకో రఫత్ ఇలా పోకూడదని పట్టుబట్టింది. తల్లులకూ పిల్లలకూ విడిగా ఒక ఆస్పత్రి కావాలని మామగారి ముందు పెట్టింది. అప్పటికే భర్త మరో పెళ్ళి చేసుకున్నాడు. కోపంతో అలిగి కూర్చున్నా, తనకు రావలసిన దాని కోసమే పోట్లాడుకున్నా ఎవరూ తప్పుపట్టే పరిస్థితి కాదు. తనకు దక్కని పురిటి మంచం మీద ఇంకొకరు చనిపోయినందుకు ఆమె కదిలింది. తనకు బిడ్డలు లేకపోతేనేం, ఊళ్ళో బిడ్డలు బతకాలనుకుంది. మామగారు ఒప్పుకున్నాడు.

ఆస్పత్రి కట్టటం మొదలైంది. కానీ గోడలు పైకి లేస్తున్న కాలంలోనే ఆమె కాపురం పూర్తిగా కూలిపోయింది. 1952లో విడాకులయ్యాయి. ఆ మరుసటి ఏడు, 1953లో, నూరు పడకలతో ఆస్పత్రి తెరుచుకుంది.

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆస్పత్రి తలుపులు తెరిచేనాటికి ఆమె ఆ ఇంటి కోడలు కాదు. అయినా గుమ్మం మీద ఆమె పేరే ఉంది. విడిపోయిన కోడలి పేరు ఇంట్లో పలకటానికే ఇష్టపడని కుటుంబాలు మనకి తెలుసు. పెళ్ళి ఫొటోల్లో ఆమె ఉన్న సగం కత్తిరించి పారేసిన ఇళ్ళూ తెలుసు. హైదరాబాదులో మాత్రం ఆ పేరును ఎవరూ చెరపలేదు. ఆ తరువాత ఆ ఆస్పత్రి ఎంతో పెరిగింది.

మళ్ళీ ఫ్రాన్సుకు

విడాకుల తరువాత నీలోఫర్ పారిస్‌లో తల్లితో కలిసి ఉండిపోయింది. ఇందులో ఇంకో చిత్రం ఉంది. విడాకులైన 1952లోనే జూన్‌లో, వెలివేసిన రాజవంశపు ఆడవాళ్ళు తిరిగి రావచ్చునని టర్కీ కొత్త చట్టం చేసింది. మొగవాళ్ళు 1974 దాకా ఆగవలసి వచ్చింది. మెట్టినింటి తలుపు మూసుకున్న ఏడాదే, ఇరవై ఎనిమిదేళ్ళ తరువాత, పుట్టింటి తలుపు తెరుచుకుంది. కానీ ఎనిమిదేళ్ళప్పుడు వదిలిన ఊళ్ళో ముప్పై ఆరేళ్ళప్పుడు ఎవరుంటారు? ఆమె పారిస్‌లోనే నిలిచింది.

1963 ఫిబ్రవరిలో, 47 ఏళ్ళ వయసులో, ఎడ్వర్డ్ జూలియస్ పోప్ అనే అమెరికన్‌ను పెళ్ళాడింది. ఈసారి మధ్యవర్తులు నడిపిన రాజకీయమేమీ లేదు, మామగారి భరణాలూ లేవు. మొదటి పెళ్ళి పదిహేనేళ్ళ పిల్లకు పెద్దలు చేసింది, రెండోది ఆమె తనకు తానుగా చేసుకున్నది. చివరి దాకా ఆ తోడు నిలిచింది. 1989 జూన్ 12న పారిస్‌లో కన్నుమూసింది. ఆ నగర శివార్లలోని బొబిన్యీ శ్మశానంలో తల్లి పక్కనే ఆమెను ఖననం చేశారు.

తోడికోడలు దుర్రుషెహ్వార్ కూడా చివరి దశ లండన్‌లో గడిపి 2006లో పోయింది. హైదరాబాదు పాతబస్తీలో పురానీ హవేలీ దగ్గర ఆమె పేరుతోనూ ఒక ఆస్పత్రి ఉంది. దేశం లేకుండా వచ్చిన ఇద్దరు అమ్మాయిలు మన నగరానికి చెరొక ఆస్పత్రి ఇచ్చి వెళ్ళారు.

పిన్ని అడిగిన కాగితాలు

ఇక జువ్వలదిన్నె అరుగు మీదికి వద్దాం. నీలోఫర్ కాలం కాదు కదా ఇది, ఇప్పుడు ఏమిటి పరిస్థితి అని మీరూ అడుగుతారు. ఇప్పుడు మన పల్లెల నుంచి కూడా పిల్లలు నాలుగు దేశాలకు వెళుతున్నారు, అక్కడి వాళ్ళను చేసుకుంటున్నారు. పిన్నికి చెప్పిందే మీకూ చెబుతాను.

విదేశంలో పెళ్ళి చేసుకుంటే, 1969 నాటి విదేశీ వివాహ చట్టం కింద అక్కడి మన రాయబార కార్యాలయంలో చేసుకోవచ్చు. ఇద్దరిలో ఒకరు భారత పౌరులైతే చాలు. నెల రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అబ్బాయికి 21, అమ్మాయికి 18 ఏళ్ళు నిండాలి. ఇక్కడికి వచ్చి చేసుకుంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. దానికీ ముప్పై రోజుల నోటీసు, ముగ్గురు సాక్షులు కావాలి. ఎవరూ మతం మారనవసరం లేదు. నిఖా అయినా తాళి అయినా ఉంగరాలు మార్చుకున్నా, ఆ వెంటనే రిజిస్టరు చేయించుకోవటం మాత్రం మరిచిపోకూడదు. నిజాం కొడుకులే నిఖా అయిన రోజునే కాన్సులేట్‌కు వెళ్ళారు కదా!

భారతీయుడిని చేసుకున్న విదేశీ భార్యకైనా, భారతీయురాలిని చేసుకున్న విదేశీ భర్తకైనా ముందు ఇచ్చేది ఎంట్రీ వీసా. దానికి పెళ్ళి సర్టిఫికెట్టు ప్రాణం. ఉద్యోగం చెయ్యాలనుకుంటే వేరే అనుమతి చూసుకోవాలి. ఎక్కువ కాలం ఉండే వీసా అయితే దేశంలోకి వచ్చాక గడువులోగా విదేశీయుల నమోదు కార్యాలయంలో పేరు రాయించుకోవాలి. రిజిస్టరైన పెళ్ళి రెండేళ్ళు నిలిచాక ఓసీఐ కార్డుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పాకిస్తాన్, బంగ్లాదేశ్ మూలాలున్న వాళ్ళకు ఈ కార్డు దొరకదు. ఓసీఐ అంటే పౌరసత్వం కాదు, ఓటు ఉండదు. కానీ మాటిమాటికీ వీసా కోసం తిరిగే బాధ తప్పుతుంది. మన పౌరసత్వమే కావాలనుకుంటే పెళ్ళయి, ఏడేళ్ళు ఇక్కడ నివసించాక దరఖాస్తు చేసుకోవాలి.

పిన్ని భయపడిన సంగతి ఇందులోనే ఉంది. భార్యగానో భర్తగానో తీసుకున్న ఓసీఐ కార్డు, కోర్టులో విడాకులైతే రద్దవుతుంది. అంటే తొంభై ఏళ్ళు గడిచినా ఆ ముడి పూర్తిగా మారలేదు. కోడలిగా వచ్చిన మనిషికి ఈ దేశంలో చోటు ఇంకా మన పిల్లవాడి కొంగుకే కట్టి ఉంది. మనం అటు వెళ్ళినా అంతే. డిపెండెంట్ వీసా మీద వెళ్ళి, మొగుడితో చెడితే ఆ దేశంలో నిలవటానికి దారి లేక అల్లాడే మన ఆడపిల్లల బాధ మీకు కొత్త కాదు.

అందుకని అబ్బాయి తల్లిగా మీరు చేయగలిగింది ఒకటుంది. పెళ్ళి మాటల్లోనే కాగితాల మాటలూ ఎత్తండి. అది అపనమ్మకం కాదు, బాధ్యత. వచ్చే పిల్ల చదువు, ఉద్యోగ అనుమతి, ఆమె పేరు మీద బ్యాంకు ఖాతా, ఆమె పాస్‌పోర్టు ఆమె దగ్గరే ఉండటం, పిల్లలు పుడితే వాళ్ళ పౌరసత్వం ఏమిటన్నది, ఇవన్నీ ముందే తేల్చుకోమని ఇద్దరికీ చెప్పండి. ఆడపిల్లను విదేశీ సంబంధానికి ఇచ్చే తల్లి కూడా ఇవే ప్రశ్నలు అడగాలి. నీస్‌లో ఆ తల్లులు కూడా ముందే ఒప్పందం రాయించుకోబట్టే తమ బిడ్డలను పూర్తిగా గాలికి వదిలినట్టు కాలేదు.

ఇదంతా విని పిన్ని కాసేపు మాట్లాడలేదు. తరువాత ఆ హైదరాబాదు అమ్మాయికి పిల్లలు పుట్టనే లేదా అని మళ్ళీ అడిగింది. పుట్టలేదు పిన్నీ అన్నాను. అయితే ఆ ఆస్పత్రిలో బతికి బయటపడిన వాళ్ళంతా ఎవరి పిల్లలంటా అని తనే అనేసి, కోడలికి ఫోటో పంపాలి, కాస్త నవ్వుతూ తియ్యమ్మా అంటూ చెంగు సర్దుకుంది.

ఈసారి హైదరాబాదు వెళ్ళినప్పుడు మొజంజాహీ మార్కెట్‌లో పళ్ళు కొనుక్కుని రెడ్‌హిల్స్ వైపు వెళ్ళండి. ఒకటి భర్త పేరు, రెండోది భార్య పేరు. మార్కెట్టు ఆయన రాజకుమారుడు కాబట్టి ఆ పేరు పెట్టుకుంది. ఆస్పత్రి ఆమె అడిగి కట్టించింది కాబట్టి ఆమె పేరు నిలుపుకుంది. కాగితాలు ఆమెను ఆ ఇంట్లో నిలపలేకపోయాయి గానీ, ఆ ఊళ్ళో ఆమెకు దొరికిన చోటును ఏ విడాకుల పత్రమూ రద్దు చెయ్యలేకపోయింది.